నలభై ఆరో జెర్సీ

జూన్ 7, ఆదివారం

నిన్న ముప్ఫై నాలుగు సార్లు తన్నాడు. లెక్క నాది కాదు, మా ఆయనది. టీవీ ముందు పాత క్యాలెండర్ తిరగేసి పెట్టుకుని, తమ్ముడు బంతిని గాల్లోకి తన్నిన ప్రతిసారీ ఒక గీత గీశాడు. ఆట అయ్యాక అది తెచ్చి నా ముందు పెట్టి, "చూసుకో, మీవాడి ప్రతాపం" అన్నాడు. గెలిచినన్నాళ్ళూ "నా బావమరిది". ఓడితే "మీవాడు".

వరసగా అయిదో ఓటమి. బంతి చేతికొస్తే తన్నడం, అది అవతలివాళ్ళ చేతుల్లో పడటం, వాళ్ళు పరిగెత్తుకుంటూ వచ్చి మన మీద పడటం. చిన్నపిల్లలకు కూడా అర్థమవుతోంది ఇది పనికిరాదని. కోచ్ మాత్రం "ప్రణాళిక ప్రకారమే ఆడాం" అన్నాడు. ఓడిపోవడం కూడా ప్రణాళికేనా నాయనా? మా ఆయన పనిచేసే బస్సు డిపో క్యాంటీన్‌లో తమ్ముడికి 'తన్నేశ్వరుడు' అని పేరు పెట్టారట. ఆ పేరు పెట్టింది తను కాదని మా ఆయన రెండుసార్లు చెప్పాడు. ఎవరూ అడక్కుండానే.

రాత్రి భోజనాల దగ్గర గొడవైంది. ఇకమీదట ఇంట్లో రగ్బీ మాట ఎత్తకూడదని పొద్దున ఒప్పందం చేసుకున్నాం. ఎత్తినవాళ్ళు వారం రోజులు గిన్నెలు తోమాలి. అందుకే ఈ పుస్తకం. నేను పనిచేసే లాండ్రీలో మిగిలిపోయిన కౌంట్ పుస్తకం, వెనక సగం ఖాళీగా ఉంది. ఇందులో రాస్తే మాట ఎత్తినట్టు కాదు.

వాడు నాకంటే పదకొండేళ్ళు చిన్న. అమ్మ పోయాక నేనే పెంచాను. బంతి చేతికి దొరికితే వీధి చివరిదాకా పరిగెత్తేవాడు, ఎంత పిలిచినా వెనక్కి చూసేవాడు కాదు. అలాంటివాడు ఊరికే మారడు. కోచే ఏదో చేస్తున్నాడు.

జూన్ 8, సోమవారం

మోకాలి సెలవు అయిపోయింది. నెలన్నర తర్వాత కౌంటర్‌లో కూర్చున్నాను. హోటళ్ళ దుప్పట్లు, ఆస్పత్రి దుప్పట్లు, ఆ తర్వాత జట్టు జెర్సీలు. అవి మాత్రం నేనే లెక్కపెట్టుకుంటాను, ఎవరినీ ముట్టనివ్వను.

ఇరవై ముగ్గురు. మనిషికి రెండు. మొదటి సగం అయ్యాక ఒకటి విప్పి ఇంకోటి వేసుకుంటారు. నలభై ఆరు రావాలి. నలభై అయిదే వచ్చాయి. తక్కువైంది పదో నంబరుది. అంటే మావాడిది.

జట్టు సామాను చూసుకునే పెద్దాయన ఎప్పటిలాగే సంచులు మోసుకొచ్చాడు. ఆయన్ని నేను సంచుల మామ అంటాను.

"మామా, పదోది ఒకటి తక్కువుంది."

"ఎవరో ముసలాయన అడిగాడంటమ్మా. ఇచ్చేశాడు."

"అడిగాడంటనా? నువ్వు చూశావా?"

"చూశాను, చూశాను. నా కళ్ళ ముందే ఇచ్చాడు."

కళ్ళ ముందే ఇస్తే 'అంట' ఎందుకు? ఆ మాట అంటూ సంచుల తాళ్ళు మళ్ళీ మళ్ళీ సర్దుకున్నాడు. జట్టు జెర్సీలకు బయట గిరాకీ బాగానే ఉంటుంది. తొమ్మిదేళ్ళుగా తెలిసిన మనిషి మీద ఇలా అనుకోవడం పాపమే. అయినా అనుకున్నాను.

దానికంటే నన్ను తొలిచేస్తున్నది వేరే. పదో నంబరుది వచ్చిన ఆ ఒక్క జెర్సీ శుభ్రంగా ఉంది. రెండో సగమంతా వేసుకున్నది. ఉతక్కుండా మడత పెట్టి పంపినా ఎవరూ కనిపెట్టలేరు. పదిహేడేళ్ళ నుంచి బట్టలు చూస్తున్నాను. నంబరు చూడకుండా ఎవరు ఎలా ఆడారో చెప్పగలను. తలలు ఆనించి తోసేవాళ్ళకు మెడ దగ్గర చిరుగుతుంది. అంచుల్లో పరిగెత్తేవాళ్ళకు మోచేతుల దగ్గర పచ్చ మరక. ఎదురొచ్చేవాణ్ణి పట్టి పడేసేవాళ్ళకు భుజం మీద మట్టి దట్టంగా పేరుకుంటుంది. పదో నంబరువాడికి అదే ఎక్కువ ఉండాలి, ఎందుకంటే ఎదుటి జట్టు ముందుగా వాడి మీదకే మనుషుల్ని తోలుతుంది.

ఆ మట్టంతా ఏడో నంబరు మీద ఉంది. జనం వాణ్ణి గున్న అంటారు, గున్న ఏనుగులా ఉంటాడని. కుడి భుజం కుట్టు మొత్తం ఊడిపోయి వచ్చింది.

జూన్ 9, మంగళవారం

నేను లేనప్పటి షీట్లు తీసి చూశాను. నాలుగు మ్యాచ్‌లు, నాలుగుసార్లూ నలభై అయిదే. నాలుగుసార్లూ పదో నంబరే. గున్న కుడి భుజం కుట్టు వేసినట్టు నాలుగు చీటీలు. సంతకాలు పెట్టినవాళ్ళలో ఒక్కరైనా నోరు తెరిచి ఇదేమిటని అడగలేదు.

జూన్ 11, గురువారం

తమ్ముడికి ఫోన్ చేశాను. జెర్సీ ఏదిరా అంటే, "అవతలి జట్టు పదో నంబరుతో మార్చుకున్నానక్కా" అన్నాడు.

"సంచుల మామ ముసలాయనకి ఇచ్చావన్నాడు."

"ఆ, అవును. ముసలాయనకే."

"మార్చుకుంటే వాళ్ళ జెర్సీ నీ దగ్గరుండాలిగా?"

"అక్కా, నువ్వు లాండ్రీలో పనిచేస్తున్నావా, పోలీసుల్లోనా?" అని నవ్వాడు. నేను నవ్వలేదు.

మోకాలు ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, పెట్టేసేముందు మళ్ళీ మోకాలు ఎలా ఉందక్కా అన్నాడు. ఒళ్ళు మండింది. నా మాట వింటే కదా. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఇంకేదో ఆలోచించుకుంటున్నాడు. అబద్ధం చెప్పేవాళ్ళకు అలాగే ఉంటుంది, బుర్రంతా దాని మీదే.

జూన్ 13, శనివారం

ఆరో ఓటమి. మా ఆయన క్యాలెండర్ నాకు కనపడకుండా గోడవైపు తిప్పి గీతలు గీశాడు. పెన్ను చప్పుడు వినిపిస్తూనే ఉంది. ముప్ఫై ఎనిమిది.

ఇవాళ బంతిని కాదు, గున్నని చూశాను. బంతి ఎటున్నా గున్న మాత్రం తమ్ముడికి రెండడుగుల దూరంలోనే ఉంటాడు. తమ్ముడి మీదకు ఎవడైనా వస్తే ముందు గున్న దూకుతాడు. దాంతో గున్న ఉండాల్సిన చోట పెద్ద ఖాళీ. వాళ్ళ రెండు స్కోర్లూ ఆ ఖాళీలోంచే వచ్చాయి. టీవీలో వ్యాఖ్యాతలు "ఈ వ్యూహం ఎవరికీ అంతుపట్టడం లేదు" అన్నారు. నాకు మాత్రం అంతుపట్టింది. మావాడు దెబ్బకు భయపడుతున్నాడు, వాడి బదులు ఇంకొకడు తింటున్నాడు.

రాయడానికే సిగ్గుగా ఉంది.

జూన్ 15, సోమవారం

నలభై అయిదు. వచ్చినది మళ్ళీ శుభ్రంగా ఉంది.

ఉండబట్టలేక మా ఆయనకు చెప్పేశాను. ఒప్పందం నేనే తప్పాను, గిన్నెలు నావే. తమ్ముడి చొక్కాకి రెండో సగంలో మట్టి అంటడం లేదని, గున్న భుజం చిరుగుతోందని, మొదటి సగం చొక్కా మాయమవుతోందని, అంతా కక్కేశాను. చెప్తున్నప్పుడు గుండె తేలికైంది. చెప్పాక భయం వేసింది.

"ఈ మాట గడప దాటకూడదు."

"నాకు తెలీదా? వాడు నాకు మాత్రం ఏమవుతాడు?"

"మీ కడుపులో మాట దాగదు."

"నీ మీద ఒట్టు" అన్నాడు. అంత తొందరగా ఒట్టేసే మనిషిని నమ్మాలనిపించలేదు. అయినా నమ్మాను, ఇంకేం చేయను.

పేపర్లో ఎవరో రాశారు. ఈ ఆట చూస్తుంటే డబ్బు తీసుకుని ఓడిపోతున్నారేమోనని అనుమానమట. పేరు రాయలేదు. పక్కన వేసిన ఫొటో మాత్రం మావాడిది.

జూన్ 17, బుధవారం

మధ్యాహ్నం చెప్పకుండా వాడి ఇంటికి వెళ్ళాను. తలుపు తీయడానికి చాలా సేపు పట్టింది. ఇంట్లో అన్ని కిటికీలకూ కొత్త తెరలు, నల్లవి, దళసరివి. నేను బట్ట ముట్టుకుంటే చెప్పగలను, అది చవక రకం కాదు. మిట్ట మధ్యాహ్నం ఇల్లంతా చీకటి. ఇంట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరుగుతున్నాడు. టీవీకి దుప్పటి కప్పి ఉంది. ఫోన్ బోర్లా పెట్టి ఉంది.

"ఎవరైనా వెంటపడుతున్నారేంట్రా?"

"ఎవరు వెంటపడతారక్కా?"

"ఎవరి దగ్గరైనా ఏమైనా తీసుకున్నావా?"

అప్పుడు కళ్ళద్దాలు తీసి నావైపు చూశాడు. "నువ్వు కూడానా" అన్నాడు అంతే. కళ్ళు ఎర్రగా, చిన్నవై ఉన్నాయి. నిద్ర లేదేమో. తప్పు చేసినవాళ్ళకు నిద్రెలా పడుతుంది?

కిటికీ తెర కాస్త పక్కకు జరిపాను. వాడు చెయ్యి అడ్డం పెట్టుకుని మూల్గాడు. "వెయ్యక్కా, వెయ్యి, ఎవరైనా చూస్తారు" అన్నాడు. మూడో అంతస్తులో ఎవరు చూస్తారు?

ఏదో ఉంది.

జూన్ 18, గురువారం

మా ఆయన ఎవరికీ చెప్పినట్టు లేడు. అడిగితే నా మాట మీద నమ్మకం లేదా అని అలిగాడు. పాపం, ఈసారి తొందరపడి అనుమానించానేమో.

జూన్ 20, శనివారం

స్టేడియంలో చూశాం. అక్కగా నాకిచ్చే రెండు టికెట్లు, ఎండలో మూడో వరస.

జట్టు మైదానంలోకి వచ్చేసరికి ఎదురు స్టాండ్‌లో ఎవరో ఒక హ్యాంగర్ పైకెత్తారు. దానికి తెల్ల చొక్కా, ఇస్త్రీ చేసి మడత నలగనిది. తర్వాత పది లేచాయి. తర్వాత ఆ స్టాండ్ అంతా చొక్కాలే. "ఇస్త్రీ చొక్కా, ఇస్త్రీ చొక్కా, నలగకుండా ఇంటికెళ్ళు" అని అరుపులు. నాకు మొదట అర్థం కాలేదు. ముందు వరసలో ఒకావిడ పక్కావిడతో చెప్తోంది: "పదో నంబరు చొక్కాకి మట్టే అంటదంట. ఉతికే లాండ్రీవాళ్ళే చెప్పారంట."

మా ఆయన వైపు తిరిగాను. తన బూట్లు చూసుకుంటున్నాడు.

"ఎంతమందికి చెప్పారు?"

"ఒక్కడికే."

"ఎవరికి?"

"డ్రైవర్‌కి."

"ఏ డ్రైవర్‌కి?"

"అయిదో నంబరు రూటు డ్రైవర్‌కి."

ఊరు ఈ చివర నుంచి ఆ చివరదాకా రోజుకు ఎనిమిది ట్రిప్పులు తిరిగే మనిషికి చెప్పాడు. అంతకంటే మైకు పెట్టి చెప్పినా బాగుండేది.

తమ్ముడు ఆ చొక్కాల వైపు చూస్తూ నిలబడ్డాడు. గున్న వచ్చి వాడి మెడ చుట్టూ చెయ్యి వేసి ఏదో చెప్పాడు. మొదటి సగంలో ఎప్పటిలాగే ఆడాడు, తన్నడం, తన్నడం. తన్నినప్పుడల్లా చొక్కాలు ఊగాయి. రెండో సగంలో ఒకసారి అవతలి జట్టులో అందరికంటే భారీ మనిషి బంతి తీసుకుని నేరుగా వచ్చాడు. గున్న అడ్డం వస్తుంటే తమ్ముడు వాణ్ణి పక్కకు తోసేసి తనే వెళ్ళి ఆ మనిషి మీద పడ్డాడు. ఆ చప్పుడు మా వరసదాకా వినిపించింది. ఆ మనిషి పడిపోయాడు. తమ్ముడు కూడా.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నేనూ లేచాను. అబద్ధమెందుకు, గర్వంగానే అనిపించింది. మావాడు పిరికివాడు కాదని అందరూ చూశారుగా అనుకున్నాను. మా ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

తమ్ముడు లేచి, బట్టలు దులుపుకుని, నడుచుకుంటూ వెళ్ళి అవతలి జట్టు వరసలో నిలబడ్డాడు. జనం నవ్వారు. గున్న వెళ్ళి మోచెయ్యి పట్టుకుని మనవైపుకు తీసుకొచ్చాడు.

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం.

జూన్ 21, ఆదివారం

మా ఆయనతో మాటల్లేవు. గిన్నెలన్నీ తనే తోమాడు.

జూన్ 22, సోమవారం

ఈసారీ మొదటి సగానిది రాలేదు. రెండో సగానిది వచ్చింది. ఛాతీ నిండా మట్టి. చూసి సంబరపడ్డాను, ఛీ. మెడపట్టీ లోపలికి తిప్పితే పసుపుపచ్చ మరక. మట్టి కాదు, గడ్డి కాదు. పదిహేడేళ్ళుగా ఆస్పత్రి దుప్పట్లు ఉతికిస్తున్నదాన్ని, వాంతి మరక నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

సంచుల మామని లోపలి గదిలోకి పిలిచి తలుపు వేశాను. జెర్సీ బల్ల మీద పరిచాను. ముసలాయన గురించి ఇంకోసారి చెప్పు మామా అన్నాను. ఆయన ఉతకాల్సిన దుప్పట్ల మూట మీద కూలబడ్డాడు.

ఏప్రిల్‌లో బయటి దేశంలో ఆడిన మ్యాచ్‌లో వాడికి తలకు దెబ్బ తగిలిందట. ఎవరూ పట్టించుకోలేదట, వాడే లేచి ఆడేశాడట. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌లోనూ మొదటి సగం అవగానే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకుంటాడట. ఆ చొక్కాతోనే తుడుచుకుని తన సొంత సంచిలో కుక్కేసుకుంటాడట.

"కడుపు బాలేదన్నాడమ్మా. ఎవరికీ చెప్పొద్దన్నాడు. మన జట్టు డాక్టరమ్మకి తెలిస్తే తీసేస్తారన్నాడు."

"కడుపు రెండు నెలలు బాగుండకపోవడమేంటి మామా?"

"నాకు మాత్రం తెలీదా? ఒట్టేయించుకున్నాడమ్మా."

నేను ఈ మనిషిని దొంగ అనుకున్నాను. తమ్ముణ్ణి పిరికివాడు అనుకున్నాను, అమ్ముడుపోయాడు అనుకున్నాను. అన్నీ సరిగ్గానే చూశాను. నలభై ఆరు, నలభై అయిదు, భుజం మీద మట్టి, కిటికీ తెరలు, అన్నీ నా కళ్ళతో చూసి, పెంచినవాణ్ణి దొంగని చేశాను.

జూన్ 23, మంగళవారం

సెలవు పెట్టి వెళ్ళాను. ఏమీ అడగలేదు, తిన్నగా బట్టల అలమర తెరిచాను. కింది అరలో ఏడు జెర్సీలు. సింకులో స్నానం సబ్బుతో ఉతికి, సరిగ్గా జాడించక, అట్టల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. లాండ్రీలో పనిచేసే అక్క ఉండి వీడు ఇలా ఉతుక్కున్నాడు. అది చూసేసరికి ఏడుపొచ్చింది.

వాడు మంచం మీద కూర్చుని చెప్పాడు. వెలుతురు పడితే తల పగిలిపోతుందట. బంతి ఒక్కోసారి రెండుగా కనిపిస్తుందట.

"రెండు కనిపిస్తే ఏది పట్టుకుని పరిగెత్తనక్కా? కాళ్ళ దగ్గరికి వదిలి తన్నేస్తే గొడవుండదు."

"కోచ్‌కి తెలుసా?"

"తన్నుతూ ఆడదాం అన్నది నేనే. ఆయన సరేనన్నాడు. ఎందుకని అడగలేదు."

"గున్నకి?"

"గున్నకి తెలుసు. వాడొక్కడికే."

దేశమంతా కోచ్‌ని తిడుతున్న వ్యూహం వీడి తలనొప్పి. నేను బుర్ర బద్దలు కొట్టుకుని కనిపెట్టిన కుట్ర ఇది.

ఇంకో దెబ్బ తగిలితే ఏమవుతుందో తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. మంచం మీంచి లేవకపోవచ్చు, అసలు బతికే ఉండకపోవచ్చు. ఎక్కడో చదివాడట. శనివారం వాడికి యాభయ్యో మ్యాచ్. అది ఆడి ఇక మానేస్తానన్నాడు. "ఇస్త్రీ చొక్కా అనిపించుకుని ఎలా మానెయ్యమంటావక్కా?" అన్నాడు.

ఆ పేరు ఎక్కడి నుంచి పుట్టిందో వాడికి తెలియదు. నేను చెప్పలేదు.

"అమ్మ మీద ఒట్టెయ్యి. డాక్టరమ్మకి చెప్పనని."

వేశాను.

జూన్ 24, బుధవారం

ఇరవై ఏడేళ్ళవాడు. వాడి తల వాడిష్టం. ఒక్క మ్యాచే కదా. గున్న పక్కనే ఉంటాడు. రెండు నెలలు ఏమీ కాలేదు, ఒక్క శనివారం ఏమవుతుంది?

చొక్కాల మాట నా నోట్లోంచే వచ్చింది కాబట్టి ఈ ఒక్కటైనా వాడు అడిగినట్టు చెయ్యాలి.

జూన్ 25, గురువారం

కౌంటర్ దగ్గర తలెత్తి చూస్తే గున్న. టీవీలో కంటే పెద్దగా ఉన్నాడు, తలుపుకు అడ్డంగా నిలబడితే వెలుతురు రాలేదు. కుడి చెయ్యి మెడకు కట్టుకుని ఉంది.

"భుజం పోయిందక్కా. డాక్టరమ్మ ఇవాళే చెప్పింది. శనివారం నేను ఆడట్లేదు."

"మరి వాడి పక్కన ఎవరుంటారు?"

"అదే చెప్దామని వచ్చా. ఎవరూ ఉండరు."

"నువ్వు డాక్టరమ్మ ఎదురుగానే కూర్చున్నావు కదయ్యా. అప్పుడే చెప్పొచ్చుగా?"

"మీ చేత వేయించుకున్నట్టే నా చేతా మా అమ్మ మీద ఒట్టేయించుకున్నాడక్కా. మా అమ్మకి అసలే బాగుండట్లేదు."

అంత మనిషి నా కౌంటర్ ముందు నిలబడి కళ్ళు తుడుచుకున్నాడు. ఎడమ చేత్తో తుడుచుకోవడం అలవాటు లేక సరిగ్గా రాలేదు. వెళ్తూ వెళ్తూ, "మీ అమ్మగారు లేరు కదక్కా" అన్నాడు. వెంటనే తప్పుగా అన్నానేమోనని భయపడి క్షమించమన్నాడు.

నేను కోప్పడలేదు. ఆ మాట నాకు అప్పటిదాకా తట్టలేదు.

జూన్ 26, శుక్రవారం

అమ్మా, నన్ను తిట్టుకుంటే తిట్టుకో.

ఆ ఏడు జెర్సీలూ నా దగ్గర లేవు. సోమవారం వచ్చిన మరకది మాత్రం ఉతక్కుండా దాచాను. అది సంచిలో పెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నాకంటే చిన్న. మెడపట్టీ చూసింది, ఎన్నాళ్ళ నుంచి అంది, చెప్పాను. వెలుతురు సంగతి చెప్పాను, రెండు బంతుల సంగతి చెప్పాను, శనివారం అవతలి వరసలో నిలబడిన సంగతి చెప్పాను. రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపేసింది.

"ఆ నిలబడటం నేనూ చూశానండీ. వచ్చి అడిగాను. జోక్ చేశానన్నాడు. నమ్మేశాను."

వాణ్ణి పిలిపిస్తానంది. నేను ఉండలేకపోయాను. వెనక మెట్ల మీంచి వచ్చేశాను.

జూన్ 27, శనివారం

గెలిచాం.

కొత్త పదో నంబరు బంతి పట్టుకుని పరిగెత్తాడు, అందరూ పరిగెత్తారు. తమ్ముడు ఎందుకు లేడో జట్టువాళ్ళు చెప్పలేదు, అందుబాటులో లేడన్నారు. వీధిలో జనం స్కూటర్ల మీద తిరుగుతూ హారన్లు కొట్టారు. "ఇస్త్రీ చొక్కా పోయింది, శని వదిలింది" అని ఎవరో మా కిటికీ కిందే అరిచారు. మా ఆయన బయటికి వెళ్ళాడు. ఏదో గొడవ వినిపించింది. తిరిగొచ్చేసరికి చొక్కా జేబు చిరిగి వేళ్ళాడుతోంది. ఎవరితో అని అడిగాను. అయిదో నంబరు రూటు డ్రైవర్‌తో అన్నాడు.

జేబు కుట్టి ఇచ్చాను. ఆరు రోజుల తర్వాత మాట్లాడుకున్నాం.

జూన్ 28, ఆదివారం

పొద్దున తమ్ముడు వచ్చాడు. నల్ల కళ్ళద్దాలు, తలకు టోపీ. మేం కిటికీలన్నీ మూసి లైటు ఆర్పాం. ఇక జీవితంలో ఆడకూడదన్నారట. ఇంకా పరీక్షలు ఉన్నాయట, పెద్ద డాక్టరు దగ్గర. టీ ఇచ్చాను. ముట్టుకోలేదు.

"డాక్టరమ్మకి ఎవరు చెప్పారక్కా?"

"నేనే."

చాలా సేపు చూశాడు. "అమ్మ మీద ఒట్టేశావు" అన్నాడు. తిట్టినా బాగుండేది. లేచి లోపలి గదిలోకి వెళ్ళి గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను వంటింట్లో నిలబడి ఏడ్చాను. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక చెంచాలు సర్దాడు.

మధ్యాహ్నం లేచి వచ్చాడు. మొహం తేటగా ఉంది. మోకాలు ఎలా ఉందక్కా అని అడిగాడు. భోజనం చేశాడు, రెండోసారి పెట్టించుకున్నాడు. క్షమించేశాడనుకున్నాను. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని అన్నాడు:

"అక్కా, డాక్టరమ్మకి ఎవరు చెప్పుంటారంటావు?"

మా ఆయన నావైపు చూశాడు. వేళాకోళం ఆడుతున్నాడేమోనని తమ్ముడి మొహంలోకి చూశాను. లేదు.

"నేనే చెప్పానురా."

పొద్దున ఎలా చూశాడో అలాగే చూశాడు. "అమ్మ మీద ఒట్టేశావు" అన్నాడు, అవే మాటలు, అదే గొంతు. మళ్ళీ లోపలికి వెళ్ళి గోడవైపు తిరిగాడు.

డాక్టరమ్మకి ఫోన్ చేశాను. కొన్నాళ్ళు ఇలా ఉంటుందంది. తగ్గుతుందా అంటే, తగ్గాలి అంది. రేపు పొద్దున్నే తీసుకురమ్మంది, రాత్రి ఒంటరిగా వదలొద్దంది.

సాయంత్రం మళ్ళీ వచ్చి మా మధ్యలో కూర్చున్నాడు. అదే మాట అడిగాడు. నేను గొంతు సరిచేసుకునేలోగా మా ఆయన అందుకున్నాడు.

"నేనే చెప్పానయ్యా, బావమరిదీ."

నేను మా ఆయన వైపు తిరిగాను. తను నావైపు చూడలేదు.

తమ్ముడు పకపకా నవ్వాడు. ఎన్నాళ్ళయిందో వాడు అలా నవ్వి. "నీకు చెప్పినవాడిది తప్పు బావా. అక్కా, అసలు ఈయనకెలా తెలిసింది? నువ్వే చెప్పుంటావు" అన్నాడు. మా ఆయన భుజం మీద ఒక్కటి చరిచాడు. టీ అడిగాడు, వేడిగా ఉండగానే తాగేశాడు.

ఇప్పుడు హాల్లో ఇద్దరూ చీకట్లో కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. నేను వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని రాస్తున్నాను. మళ్ళీ అడిగితే ఎవరం చెప్పాలో ఇంకా అనుకోలేదు.